చూసుకునేవాళ్ల మంచం

నేను గీసిన ప్లాను గురించి హాల్లో మాట్లాడుకుంటుంటే నేను వంటింట్లో ఉప్మా కలుపుతున్నాను. కొత్తకోట దగ్గర ఒక ట్రస్టు కట్టబోయే ఇల్లు అది. ఇక వైద్యం లేదని దవాఖానలు పంపేసినవాళ్లు చివరి రోజులు నొప్పి తెలియకుండా గడిపే ఇల్లు. ట్రస్టు పెద్ద భానుప్రకాశ్ గారికి నా భర్త నరేందర్ ఒక్కో గదీ వివరిస్తున్నాడు.

"ఈడ కిటికీ నేనే కిందికి దించిన సార్" అంటున్నాడు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది.

హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదివాను. పెళ్లయ్యాక వనపర్తిలో ఆయన ఆఫీసు గీతలన్నీ నావే, బోర్డు మీద పేరు ఆయనది. ఇంట్లోవాళ్లకు పేరెందుకని ఒకసారి నవ్వాడు కూడా. ఆ కిటికీ ఎందుకు దించానో ఆయనకు తెలియదు. క్యాన్సర్‌తో మంచం పట్టిన మా అత్తమ్మ జోగులమ్మకు పడుకున్నచోటి నుంచి కనబడేది ఫ్యాను ఒక్కటే. బజార్లో ఎవరు పోతున్నారో చెప్పమని రోజూ నన్నడిగేది. ఆమెను పొదివి పట్టుకుని స్నానాల గదిలోకి దూరేటప్పుడు ఇరుకు గుమ్మానికి నా మోచేతులు గీరుకుపోయేవి. అందుకే తలుపులు వెడల్పు చేశాను. ఏడాదిగా ఆమె మంచం పక్కన కటిక నేలమీద పడుకుని నా నడుము పోయింది. అందుకే ప్రతి రోగి పక్కనా చూసుకునేవాళ్లకు ఒక మంచం గీశాను.

నేను ప్లేట్లు పట్టుకుని వెళ్లేసరికి నరేందర్ ఎర్ర పెన్నుతో ఆ మంచాలు కొట్టేస్తున్నాడు. అవి తీసేస్తే ఇంకా నలుగురు రోగులు పడతారట. మరి చూసుకునేవాళ్లెక్కడ పడుకుంటారని భానుప్రకాశ్ గారు అడిగారు.

"ఆడోళ్లే గద సార్. కింద చాపేసుకొని పండుకుంటరు."

ఆయన తలూపి, ఉప్మా బాగుందన్నారు.

నా ఏడాది మొత్తాన్ని ఎంత సులువుగా నేలమీద పరిచేశాడు!

కట్టబోయే స్థలం చూడటానికి ఇద్దరూ లేచారు. అమ్మ స్నానం సంగతి చూడమని నరేందర్ నాకు లోగొంతుతో చెప్పాడు. నేను ప్లాను చుట్టి చంకలో పెట్టుకున్నాను.

"ఈ ప్లాను నాది సార్" అన్నాను భానుప్రకాశ్ గారితో. "ఆ మంచాలు లేకుంటే నేనియ్య. ఎందుకు పెట్టిన్నో ఆడికొచ్చి చెప్త."

నరేందర్ ముఖం మాడింది. "మరి అమ్మను ఎవరు చూస్తరు?"

"మీరు చూడుండ్రి."

"మొగోన్ని, అమ్మకు నేనెట్ల స్నానం చేపిస్త?"

లోపలి గదిలోంచి అత్తమ్మ గొంతు వినబడింది. కొడుకు ముందు ఏనాడూ నా పక్షం మాట్లాడని మనిషి.

"నిన్ను నేను కడగలేదారా? లోపలికి రా. ఆ పిల్లను పోనీ."

నేను చెప్పులేసుకుని కారెక్కాను. నరేందర్ వస్తాడేమోనని భానుప్రకాశ్ గారు కాసేపు గుమ్మం వైపు చూశారు.

"పోదాం సార్" అన్నాను. "ఆయనకు ఇంట్ల పనుంది."