మేము పోయాకే తాళాలు

ఇటలీలో, తూరిన్ నగరంలో చెట్ల నీడ పరుచుకున్న వీధిలో, నూటపదేళ్ళ నాటి మేడలో, మూడో అంతస్తు ఫ్లాటు మాది. అమ్మకానికి పెట్టాం. మా ఊళ్ళో ముసలివాళ్ళు ఇల్లమ్మే పద్ధతి ఒకటుంది: డబ్బు ఇప్పుడే తీసుకుంటాం, తాళాలు మాత్రం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పోయాకే కొన్నవాడికి అందుతాయి. అందుకే వచ్చినవాళ్ళు గోడలు చూడరు, మమ్మల్ని చూస్తారు.

"కాస్త దగ్గండి సార్, బేరం తొందరగా తెగుతుంది," అన్నాడు బ్రోకరు గ్వాల్తియెరో. సిగ్గులేని మనిషి. వాణ్ణి తిట్టి మరీ దగ్గడం మొదలుపెట్టిన నేను ఇంకా సిగ్గులేనివాణ్ణి.

శనివారం పొద్దున్న ఒక పళ్ళ డాక్టరు భార్యతో వచ్చాడు. పాలరాతి నేలా, పైకప్పు మీది సున్నపు లతలూ, ఏవీ వాళ్ళ కంటికి ఆనలేదు. నా వయసడిగాడు. ఎనభై రెండన్నాను. మెట్లెక్కగలరా అన్నాడు. ఆయాసపడి చూపించాను. నా భార్య ఎర్సీలియా వంటింట్లో కాఫీ కలుపుతోంది.

"ఈయన దగ్గు ఒట్టి నాటకం," అంది డాక్టరు భార్య, నా ముందే. "గుండ్రాయిలా ఉన్నాడు. ఇంకో పదేళ్ళు కదలడు."

"నీ నోరు పడిపోను! పదిహేనేళ్ళుంటా!" అని లేచాను.

డాక్టరు నా చెయ్యి పట్టుకున్నాడు. "కోప్పడకండి. మా అనుమానమంతా మీ ఒక్కరి గురించే. అమ్మగారి సంగతి మాకు బెంగలేదు. నిన్న మా క్లినిక్‌కొచ్చి, తనకింక ఎక్కువ రోజుల్లేవన్న ఆస్పత్రి కాగితాలు ఆవిడే చూపించారు కదా."

ఏ కాగితాలు?

ఎర్సీలియా కాఫీ కప్పులతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇక నువ్వు దగ్గక్కర్లేదులే, ఒత్తావియో," అంది.