మొదటి కత్తెర

ప్రొద్దుటూరులో నా కుట్టుమిషన్ వెనకున్న అంగడిని యోగేష్ బాడుగకు తీసుకున్నాడు. జాకెట్ గుడ్డలు, లైనింగ్ గుడ్డలు తాన్లకు తాన్లు తెచ్చి అరల నిండా పేర్చాడు. తెరవడం మాత్రం లేదు. బోర్డుకు ఏ రంగు వేయాలి, గల్లాపెట్టె ఏ దిక్కున పెట్టాలి, ఎదురంగడి వాళ్లు ధర తగ్గిస్తే ఏం చేయాలి, ఇదే ఆలోచన. వ్యాపారం ఎట్లా చేయాలో సెల్లులో ఎవరెవరో చెప్పేది వింటూ కూర్చునేవాడు. నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు.

చివరికి వాళ్లన్న కబురు పెట్టాడు. సాయంత్రం ఆటో పంపుతానని, సరుకు హోల్‌సేల్ వాళ్లకు తిరిగి ఇచ్చేసి, మునుపటిలా తన అంగట్లోనే పనికి రమ్మన్నాడు. కోయని గుడ్డ తానైతే వాళ్లు వెనక్కి తీసుకుంటారు. కత్తెర పడితే తీసుకోరు.

యోగేష్ తలుపు తీసి తాన్లను మూటలు కట్టసాగాడు. భార్య సుధారాణి తాడు అందిస్తూ ఒకే మాట అంది.

"మూట కట్టేదానికి మాత్రం ముహూర్తం చూడల్యా నువ్వు."

అతను ముడి బిగించాడు.

అప్పుడే జమ్మలమడుగు బస్సు దిగి ఖమర్‌బీ వచ్చింది. ఎప్పుడూ నా దగ్గరే కుట్టించుకునే మనిషి. కూతురి పెళ్లి ఉంది. సంచిలోంచి ఉల్లిపొట్టు రంగు చీర తీసి, దీని జాకెట్టుకు లైనింగ్ కావాలని నన్ను దాటుకుని లోపలికే పోయింది. ఇంకా తెరవలేదమ్మా అన్నాడు యోగేష్.

"తలుపు తీసిండావు, గుడ్డ ఉండాది, నువ్వుండావు. ఇంగేం కావాల నాయనా?"

యోగేష్ నావైపు చూశాడు. నా కత్తెర తీసి అతని చేతిలో పెడుతూ చెప్పాను.

"బోణీ బేరం. ఉత్తచేతుల్తో పంపగాకు."

 అతను మూట విప్పి, రంగు కలిసే తాను లాగి, మీటరు కడ్డీతో కొలిచి, అంచున కత్తెర పెట్టాడు.  రెండువైపులా పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. గుడ్డ చర్రున చినిగింది.

ఖమర్‌బీ చీర మీద పరిచి చూసుకుంది. రంగు సరిపోయింది. సంచిలోంచి ఇంకో చీర తీసింది, ఆపైన ఇంకోటి. యోగేష్ కట్టిన మూటలు ఒక్కొక్కటే విప్పాడు. తలుపు తెరిచి ఉందని దారినపోయే ఆడవాళ్లు లోపలికొచ్చారు. సుధారాణి చీరచెంగు నడుముకు దోపి తానూ కొలవసాగింది.

సాయంత్రం వాళ్లన్న పంపిన ఆటో రహీం వచ్చి సరుకు యాడుందని అడిగాడు. యోగేష్ కొలిచే గుడ్డ మీదనుంచి చూపు తిప్పలేదు.

"ఈడనే ఉంటాది. మాయన్నకు చెప్పు, అంగడి తెరిచినానని."

ఆటో ఖాళీగా పోయింది. రంగు వేయని బోర్డు ఇంకా గోడకే ఆనుకుని ఉంది. ఖమర్‌బీ గుడ్డలు నా మిషన్ పక్కన కుప్పగా పడ్డాయి. దీపాలు పెట్టేదాకా నా వీపు వెనక గుడ్డలు చినిగే చప్పుడు ఆగలేదు.