చెరి సగం ఇసుర్రాయి

జహీరాబాద్‌లో ఉన్న ఇల్లు పంచుకున్నప్పుడు తోటికోడళ్లిద్దరికీ గదుల దగ్గరా, బర్రెల దగ్గరా పేచీ రాలేదు. వచ్చింది ఇసుర్రాయి దగ్గర. చివరికి మహా న్యాయంగా కింది రాయి పెద్దామె ఇందిరమ్మకు, పై రాయి చిన్నామె శరణమ్మకు దక్కాయి. అప్పటినుంచి కింది రాయి మీద ఇందిరమ్మ కాళ్లు కడుక్కుంటోంది. పై రాయి గోడ అవతల శరణమ్మ వాళ్ల నీళ్ల డ్రమ్ము మూత మీద బరువుగా కూర్చుంది. మాటలు మాత్రం ఎవరి వాటాకూ రాలేదు.

ఇందిరమ్మ కోడలు స్వప్నకు అదే వెలితి. కోహీర్ నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఆమెను తెల్లవారుజామున లేపింది ఆ రాయి గురగురే. అత్తలిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టి తిప్పుతుంటే, జొన్నపిండితో పాటు ఊళ్లో సంగతులన్నీ మెత్తగా రాలేవి. డిగ్రీ చదివిన కోడలు నిద్ర నటిస్తూ అన్నీ వినేది. ఇప్పుడు పిండి గిర్నీ నుంచి వస్తోంది. సంగతులే రావడం లేదు.

ఒక సాయంత్రం రెండో తరగతి చదివే కూతురు నందిని బ్యాగు పడేసి, "నెట్టుడు, లాగుడు ఇంట్ల చేసి చూసి రమ్మన్నది టీచరమ్మ," అంది.

తలుపు ఒకసారి తీసి వేస్తే సరిపోయేది. ఆ సంగతి స్వప్నకూ తెలుసు.

"తలుపుతోని ఏం తెలుస్తది బిడ్డా? ఇసుర్రాయి గావాలె. పోయి చిన్న నానమ్మనడుగు."

శరణమ్మ వచ్చింది. "నా రాయి ఉత్తగ ఎవ్వల చేతికియ్య," అంటూ, రాయిని దొర్లించే పని స్వప్నకు వదిలేసి, వెనకాల దొరసానిలా నడిచింది.

రెండు రాళ్లూ కడిగి, పైదాన్ని కిందిదాని నడిమి మేకు మీద కూర్చోబెట్టి జొన్నలు పోశారు. ఇందిరమ్మ ఒక్కతే తిప్పబోయింది. రాయి సగం తిరిగి మొరాయించింది.

"ఒక్కదానితోని అయితదా అని మీ నానమ్మనడుగు బిడ్డా," అంది శరణమ్మ ఆకాశం చూస్తూ.

"ఎదురుంగ కూసునెటోళ్లు లేకపోతె ఏం జెయ్యాలె అని మీ చిన్న నానమ్మనడుగు."

"ఎదురుంగనే ఉన్నది కద నానమ్మా!" అంది నందిని.

శరణమ్మ కూర్చోక తప్పలేదు. రాయి కదిలింది.

"ఎవలు నూకుతున్రు? ఎవలు గుంజుతున్రు?" అడిగింది నందిని.

"నేనే నూకుతున్న. ఆమె ఉత్తగ పట్టుకుంటది," అంది ఇందిరమ్మ.

"ఇన్నేండ్లు గుంజి గుంజి నా రెక్కలే ఇరిగినయ్," అంది శరణమ్మ.

నందిని వంగి చూసింది. "నానమ్మ నూకితె చిన్న నానమ్మ గుంజుతుంది. అటు దిక్కు పోంగనె ఉల్టా అయితుంది. ఇద్దరు రెండు చేస్తున్రు!"

రాయి గురగుర పెరిగింది.

"జర మెల్లగ గుంజక్కా. భుజం నొస్తుంది."

ఇందిరమ్మ చెయ్యి క్షణం ఆగింది. తర్వాత మెల్లగా తిప్పింది. "దవాఖానకు పోయినవా మరి?"

జొన్నలు అయిపోయాయి, హోంవర్కూ అయిపోయింది. పిడి ఎవరూ వదల్లేదు. అడక్కుండానే స్వప్న చాటలో ఇంకొన్ని జొన్నలు తెచ్చి పెట్టి, వంటింటి గడప దగ్గర ఉల్లిగడ్డలు తరుగుతున్నట్టు నటించింది. మొగుడంపల్లిలో ఎవరిదో పెళ్లి సంగతి మెల్లగా మొదలైంది.

శరణమ్మ లేచినప్పుడు నందిని అడిగింది: "నీ రాయి?"

"ఉండనియ్యి బిడ్డా. నూకుడు, గుంజుడు రేపటికి మల్ల మర్చిపోతవ్."

ఆమె మనసు మారకముందే స్వప్న ఒక ఇటుక తీసుకెళ్లి గోడ అవతలి డ్రమ్ము మూత మీద రాయికి బదులుగా పెట్టి వచ్చింది.