గీతకూ గీతకూ మధ్య

నేను ఒక పాదరస భారమితిని. గజం పొడవు గాజు గొట్టం, లోపల పాదరసం, చుట్టూ ఇత్తడి తొడుగు. గాలి బరువు చెప్పడం నా పని. వాన వస్తుందని నేను ఏనాడూ అనలేదు. ఆ మాట మనుషులే నా నోట పెట్టారు.

నన్ను తయారుచేసిన కార్ఖానాలో కొలత సరిగా ఉందని కాగితం రాసి పెట్టెలో పెట్టారు. నన్ను తలకిందులుగానే మోయాలి. నిలబెట్టి కుదిపితే గొట్టంలోకి గాలి చొరబడుతుంది. రైలు స్టేషన్లో ఒక కూలీ నా పెట్టె పలకల సందులోంచి చూశాడు. ఎవరో పొరపాటున తలకిందులు చేశారనుకుని ఒక్క ఊపున నిలబెట్టాడు. జాలిగుండె కలవాడు. ఆ ఊపుకి ఆవగింజలో సగమంత బుడగ నా తలకెక్కింది. ఒక గీతను పది పాళ్లు చేస్తే, అందులో మూడు పాళ్లు తక్కువ చూపడం ఆనాడే మొదలైంది. ఎవరూ అనుమానించలేదు. కాగితం ఉంది కదా.

నేను చేరింది సముద్రం పక్క చిన్న పట్టణానికి. వాతావరణ కేంద్రం అని బోర్డు పెట్టిన ఒంటిగది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి నన్ను చూసి, అంకె రిజిస్టర్లో రాసి, నగరంలోని పెద్ద ఆఫీసుకు పంపాలి. వందల ఊళ్ల నుంచి అలాంటి అంకెలు అక్కడికి చేరతాయి. వాటితో కంప్యూటర్ రాబోయే రోజుల గాలిని లెక్కగడుతుంది.

మొదట నన్ను చూసింది కరీముల్లా. రిటైరయ్యే ముందు బసవాచారికి పని అప్పజెప్పాడు. కింది మర తిప్పి పాదరసం మట్టం సరిచేయడం, వేలితో గాజు మీద రెండుసార్లు తట్టడం, గీత చదవడం, అన్నీ చూపించాడు. చివరి అంకె దగ్గరికి వచ్చేసరికి, "సున్నా వెయ్యి, లేదంటే అయిదు వెయ్యి. మధ్యలో వాటికోసం కళ్లు పోగొట్టుకోమాక. గాలేవన్నా బంగారమా?" అన్నాడు.

బసవాచారి బంగారం పని చేసే ఇంట పుట్టినవాడు. తండ్రి గురివిందగింజలు వేసి తూచేవాడు. ఆ ఇంటి బిడ్డ పద్దెనిమిదేళ్లు సున్నాలూ అయిదులూ రాశాడు. గాలి ఇంత పద్ధతిగా ఎలా నడుస్తోందని పెద్ద ఆఫీసులోనూ ఎవరూ అడగలేదు.

భార్య పేరు మాణిక్యం. వాళ్ల కాపురం పక్క గదిలోనే. ఆరేసిన బట్టలు తడిసినప్పుడల్లా ఆమె తిట్లలో నాకూ వాటా పడేది. "మీ డబ్బా కంటే మా కోడి నయం. వానొచ్చే ముందు గూట్లోకన్నా పోద్ది" అనేది. అతను బదులు చెప్పేవాడు కాదు. మాటలు తక్కువ మనిషి. ఉన్న నాలుగూ ఇంట్లో ఖర్చు పెట్టేవాడు కాదు.

ఒక కార్తీకంలో సముద్రంలో తుఫాను పుట్టింది. ఉత్తరాన వంద మైళ్ల అవతల తీరం దాటుతుందని రేడియో చెప్పింది. మర్నాడు పొద్దున ఏడు గంటలకు మాణిక్యం ఏటి నడుమ లంకలో ఉన్న అక్క దగ్గరికి బయల్దేరింది. అక్క కాలు విరిగి మంచంలో ఉంది. మాణిక్యం గుమ్మంలో ఆగింది.

"పడవెక్కొచ్చంటారా? ఒక్కసారి ఆ డబ్బా చూసి చెప్పకూడదూ?"

బసవాచారి గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలోంచి చూపు తిప్పలేదు. "ఎనిమిదిన్నరకి గదా చూసేది. రేడియోలో చెప్పాడుగా, మనకేం లేదని. పోయిరా."

అతనికీ నాకూ మధ్య పది అడుగులు. అప్పటికి నేను ముందు రోజు కంటే నాలుగు గీతలు దిగి ఉన్నాను.

ఎనిమిదిన్నరకి నన్ను చూశాడు. తట్టి మళ్లీ చూశాడు. రిజిస్టరు తెరిచినది తెరిచినట్టే వదిలి సైకిలెక్కి రేవుకు పోయాడు. పడవ ఆమెను దించి ఖాళీగా తిరిగొచ్చింది. గాలి లేచింది, ఇక కదిలేది లేదని పడవ కట్టేశారు. తుఫాను దారి మళ్లి సాయంత్రానికి లంక మీదుగా పోయింది. అక్క ఇంటి గోడ కూలింది. అక్క బతికింది. మాణిక్యం బతకలేదు.

పెద్దకర్మ అయ్యాక అతను రిజిస్టరు వెనక్కి తిప్పాడు. తుఫానుకు రెండు రోజుల ముందు నేను చూపిన చివరి అంకె రెండు, అది అతనికి గుర్తుంది. అంతకు ముందు రోజు సున్నా వేశాడు గనక ఆ రోజు అయిదు వేశాడు. రేడియో జోస్యం ఆ రోజు అంకెలతో కట్టిందే. తన మూడు పాళ్ల తప్పు తుఫాను లెక్కను తప్పించిందని, తన భార్యను తనే చంపానని అతను తీర్మానించుకున్నాడు. ఆ అంకె కింద గీత గీశాడు. మనిషి తన తప్పు వెతికేటప్పుడు కూడా చేతికి అందేచోటే వెతుకుతాడు.

నన్ను నగరంలోని అసలు భారమితితో పోల్చి చూడాలని రూలుంది. ఇన్నేళ్లలో ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి అతనే అర్జీ పెట్టుకున్నాడు. తొమ్మిది గంటల బస్సు ప్రయాణంలో నన్ను తలకిందులుగా ఒళ్లో పట్టుకుని కూర్చున్నాడు. కండక్టరును కూడా ముట్టనివ్వలేదు.

పెద్ద ఆఫీసులో హైమవతి అనే శాస్త్రవేత్త ఉంది. కూర్చోకముందే ఆమెకు అంతా చెప్పాడు. ఆమె వాదించలేదు. నన్ను పోలిక గదికి పంపించి, అతన్ని రెండు రోజులాగి రమ్మంది. అతను మళ్లీ వెళ్లేసరికి నన్ను తిరిగి తెచ్చి ఆమె బల్ల పక్కన గోడకు తగిలించారు. ఆనాటి అంకెలన్నీ మళ్లీ కంప్యూటర్లో వేసి, అతని అయిదు తీసి రెండు పెట్టిందట. పటం మీద తుఫాను నలభై మైళ్లు దక్షిణానికి జరిగింది. లంక వైపే.

"చూశారా. నేనే" అన్నాడు.

"కూర్చోండి ఆచారిగారూ. ఇంకా అయిపోలేదు."

అతని అంకె అలాగే ఉంచి ఇంకో ఊరి అంకెను మూడు పాళ్లు మార్చింది. తుఫాను ఒరిస్సా పోయింది. ఒక ఓడ పంపిన అంకెను మార్చింది. తుఫాను సముద్రంలోనే చచ్చింది. ఇరవైసార్లు చేసింది. పటం మీద దారులు కట్టు తెగిన చీపురు పుల్లల్లా పరుచుకున్నాయి. రోజులు గడిచేకొద్దీ పిసరంత తేడా కొండంత అవుతుందని, ఏ పిసరు అవుతుందో ముందు చెప్పే విద్య తమ దగ్గర లేదని వివరించింది.

"మీవల్లేనని చెప్పలేను. మీవల్ల కాదని కూడా చెప్పలేను."

"మరి రేడియోలో ఒక్క దారే చెప్పారే?"

"జనం ఒక్కటే అడుగుతారండీ."

తర్వాత పోలిక గది నుంచి నాతో వచ్చిన చీటీ తీసి రెండుసార్లు చదివింది. నేను మూడు పాళ్లు తక్కువ చూపుతున్నానని అందులో ఉంది. ఏళ్ల నాటి బుడగ అని కూడా రాశారు. రెండు చూపానంటే అసలు అయిదు. బసవాచారి చూసింది రాయకుండా నిజం రాశాడు. ఆ నిజంతోనే జోస్యం తప్పింది.

ఆమె ఇది శుభవార్తలా చెప్పింది. అతను సంతోషించలేదు. తన తప్పును తగిలించుకోవడానికి ఉన్న ఒక్క కొక్కెం కూడా ఊడింది. గోడకున్న నన్ను చూపించాడు.

"ఆ పొద్దున అది చూసి చెప్పమంది. చూడకుండానే పోయిరా అన్నా."

"చూసుంటే?"

"వద్దనేవాణ్ణి."

హైమవతి కంప్యూటర్ వైపు చూసింది. ఆ మాట వేయడానికి అందులో చోటు లేదు.

నిజానికి నాలుగు గీతలు దిగినంత మాత్రాన తుఫాను వచ్చి తీరాలని లేదు. ముందటేడు నేను ఆరు గీతలు దిగాను. చినుకు పడలేదు. అయినా అతను వద్దనేవాడు. ఆమె సణుగుతూ ఇంట్లో ఉండిపోయేది. తుఫాను రాకపోతే నన్నే తిట్టేది.

బుడగ తీయించుకుని తిరిగొచ్చాం. అప్పటినుంచి నా చివరి అంకెల్లో ఒకట్లు, మూడులు, ఏడులు కనిపించాయి. చేపల వేటకు పోయేవాళ్లు దారిలో ఆపి గాలి సంగతి అడిగితే, "ఉండండి, చూసి చెబుతా" అని గదికి వచ్చేవాడు. చూసి చెప్పినా సగంసార్లు తప్పేది. జనం నవ్వారు. నవ్వనిచ్చాడు.

అతను రిటైరయ్యాడు. ఇప్పుడు ఆవరణలో స్తంభానికి ఒక తెల్లపెట్టె ఉంది. తనే చదువుకుంటుంది, తనే పంపుకుంటుంది. పాదరసం విషమని నాలోంచి వంపేశారు. విరిగిన కుర్చీల వెనక పడేశారు. నిలబెట్టినా, తలకిందులు చేసినా ఇప్పుడొకటే.

రిజిస్టరు కూడా ఇక్కడే నా పక్కన ఉంది. అందులో ఎనిమిదిన్నరకి రోజుకో గడి ఉంది. ఏడు గంటలకు గడి లేదు. నగరం నుంచి వచ్చినప్పటినుంచీ అతను పొద్దున ఏడింటికి కూడా నన్ను చూసేవాడు. గాజు మీద రెండుసార్లు తట్టి, చివరి అంకె దాకా చదివి, గుమ్మం వైపు తిరిగి ఆ అంకె పైకి చెప్పేవాడు. గుమ్మంలో ఎవరూ ఉండేవారు కారు.