పడమటివీధి జవాబు

అలిమేలమ్మ పడమటివీధికి వెళ్ళిన మొదటి రోజు తమిళంలో మాట్లాడింది. వీధి ఆమెను అనుమానించడం ఆ రోజే మొదలైంది.

ఆమె తిరువళ్ళూరులో బాలికల ఉన్నత పాఠశాల టీచరు. 1982లో సెలవు పెట్టి మద్రాసులో ఎం.ఎడ్.లో చేరింది. విద్యాతత్వం ఆమె తీసుకున్న విషయం. చదువు ఎందుకు, ఎవరి కోసం అన్న ప్రశ్న మీద ఏడాదిగా పాఠాలు విన్నది. బతుకుతెరువు కోసమని ఒక వాదం. మనిషిని దిద్దడం కోసమని ఇంకొకటి. సంఘం నిలవడం కోసమని మరొకటి. పరిశోధన వ్యాసం దగ్గరికి వచ్చేసరికి గైడు గోపాలన్, వాదాలు పుస్తకాల్లో ఉన్నాయి, పిల్లల్ని బడికి పంపేవాళ్ళను అడిగి రమ్మన్నాడు. ఏప్రిల్‌లోగా వ్యాసం ఇవ్వాలి. ఇవ్వలేకపోతే డిగ్రీ రాదు, బడివాళ్ళు సెలవు పొడిగించరు.

పొదటూరుపేట రోడ్డులో, తిరుత్తణి బస్సు ఆగే చోటికి ఎదురుగా ఉంది పడమటివీధి. అందరూ తెలుగువాళ్ళు. వేరుశెనగ సేద్యం, కొందరికి మగ్గాలు. వీధి చివరి బడిలో తమిళ సెక్షను, తెలుగు సెక్షను రెండూ ఉన్నాయి. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష ఉన్నవాళ్ళు చదువును ఏమనుకుంటారో తెలుస్తుందని ఆమె ఆ వీధిని ఎంచుకుంది.

అలిమేలమ్మది తిరువాలంగాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయినా గైడు చెప్పినందువల్ల తమిళంలో అడిగింది. అడిగేవాళ్ళు తమవాళ్ళని తెలిస్తే జనం మెప్పు కోసం జవాబిస్తారని ఆయన భయం.

మూడో ఇంటి దగ్గర ఒక మేక వచ్చి ఆమె ఒళ్ళోని కాగితం నోట కరిచి లాగింది. "ఛీ, యాడికి లాక్కపోతావే" అంది అలిమేలమ్మ.

అరుగు మీద చెనక్కాయలు ఒలుస్తున్న మునెమ్మ చెయ్యి ఆపింది.

"తెలుగోళ్ళా మీరు?"

"అవును."

"మరి ఇంతసేపూ అరవం ఏమిటికి మాట్లాడినారు?"

అలిమేలమ్మ గైడు సంగతి చెప్పింది. మునెమ్మ విన్నది. తర్వాత ఒలిచిన గింజలు చేటలో పోసుకుని లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద ఏమో ఉందని లోపలి నుంచి చెప్పింది. పొయ్యి వెలిగించినట్టు పొగ ఏమీ రాలేదు.

మర్నాటి నుంచి ప్రతి ఇంట్లో జవాబు వచ్చింది. అందరిదీ ఒకటే జవాబు.

"పిల్లోళ్ళను బడికి ఎందుకు పంపిస్తారు?"

"అమ్మ బాస మర్చిపోకూడదని."

మగ్గం ముందున్న మనిషి అదే చెప్పాడు. పిల్లలు లేని ఒక ముసలమ్మ కూడా అదే చెప్పింది. "నీకు బడికి పోయే పిల్లోళ్ళు లేరు గదవ్వా" అంటే, "లేకపోతే ఏమి, మాట అదే" అంది.

ఎవరో నేర్పారని అలిమేలమ్మకు అర్థమైంది. తెలుగు సెక్షను అయివారు రత్నస్వామి మీదికి ఆమె మనసు పోయింది. సెక్షను ఉంటే ఆయన ఉద్యోగం ఇక్కడ ఉంటుంది. పిల్లలు తగ్గితే సెక్షను తీసేస్తారు. ఈ జవాబు వల్ల లాభం ఆయనకే.

ఇంటర్వెల్‌లో ఆయన్ని బడి వెనక కలిసింది.

"సార్, వీధంతా మీరు చెప్పిన పాఠం అప్పజెప్తా ఉంది."

రత్నస్వామి సుద్ద అంటిన చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "నేను చెప్పిన పాఠం పిల్లోళ్ళే అప్పజెప్పరమ్మా. పెద్దోళ్ళు యాడ అప్పజెప్తారు?"

"మరి ఎవరు నేర్పినట్టు?"

"నేనూ అదే అడగతా ఉండాను. మిమ్మల్ని ఎవరు పంపించినట్టు? ఇన్‌స్పెక్టరాఫీసా?"

"కాలేజీ."

"కాలేజీకి మా సెక్షనుతో ఏమి పని?"

ఆమె కాలేజీ ఇచ్చిన గుర్తింపు కార్డు చూపించింది. ఆయన ముందువైపు చూశాడు, తిప్పి వెనకవైపు చూశాడు. "ఫోటో మీదే," అని తిరిగి ఇచ్చాడు. అంతకు మించి ఏదీ ఒప్పుకోలేదు.

అసలు సంగతి మునెమ్మ చెప్పింది. అది కూడా తగవులాడుతూ చెప్పింది. నాలుగోసారి అరుగు దగ్గరికి వచ్చిన అలిమేలమ్మను చూసి, "అయివారిని ఏమిటికి నిలదీసినారు? ఆయనకేమి తెలుసు?" అంది.

"అయితే నేర్పింది ఎవరక్కా?"

"నేర్పేది ఏముంది. కూర్చున్నాము, మాట్లాడుకున్నాము, ఒక మాట అనుకున్నాము. ఎవురు ఫైలు పట్టుకోని వచ్చినా అంతే."

అది ఆ వీధి కట్టుబాటు. తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉన్న రోజుల్లో ఎవరో వచ్చి మీ ఇంట్లో ఏ భాష అని అడిగారట. కొందరు తెలుగన్నారు. కొందరు, వచ్చినవాడు అరవం మాట్లాడుతున్నాడని మర్యాదకు అరవం అన్నారు. తర్వాత తాలూకా మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. ఒక్కో ఇల్లు ఒక్కో మాట చెప్పడం వల్లే అలా జరిగిందని పడమటివీధి నమ్మకం. అప్పటి నుంచి రేషన్ కార్డులకు వచ్చినా, కుటుంబ నియంత్రణకు వచ్చినా వీధి మొత్తానికి ఒకే జవాబు.

"నేను సర్కారు మనిషిని కాదక్కా," అంది అలిమేలమ్మ.

"సరి. మీరు ఏమిటికి చదవతా ఉండారు? ఇంత వయసులో, పిల్లోళ్ళను ఇంట్లో ఇడిసిపెట్టి?"

అలిమేలమ్మ తరగతిలో నేర్చుకున్న మాటలు చెప్పబోయింది. మునెమ్మ మొహం చూసి మానేసింది.

"ఎం.ఎడ్. ఉంటే హెడ్‌మిస్ట్రెస్ ప్రమోషన్ వస్తాది."

"అట్ల చెప్పండి," అంది మునెమ్మ. కొంచెం జరిగి ఆమెకు అరుగు మీద చోటిచ్చింది. "ముందే చెప్పుంటే ఇంత దూరం వచ్చేదే కాదు గదా."

ఆ సాయంత్రం అలిమేలమ్మ ఇక నిజం చెప్తారన్న నమ్మకంతో బస్సెక్కింది. మర్నాడు మళ్ళీ మొదటి ఇంటి నుంచి అడుగుతూ వచ్చింది.

"పిల్లోళ్ళను బడికి ఎందుకు పంపిస్తారు?"

"ప్రమోషన్‌కి," అన్నాడు మగ్గం మనిషి.

రెండో ఇంట్లోనూ ప్రమోషన్‌కే. పిల్లలు లేని ముసలమ్మకు ఆ మాట నోరు తిరగలేదు, లోపల కోడలిని అడిగి చెప్పింది. ఏమి చెప్తే ఈమె తృప్తిపడి వెళ్ళిపోతుందో వీధికి తెలిసింది. రాత్రికి కూర్చుని మాట మార్చుకున్నారు.

మద్రాసులో గోపాలన్ కాగితాలు తిరగేశాడు. మొదటి వారం అంతా ఒక జవాబు, రెండో వారం అంతా మరో జవాబు. ఇంట్లో కూర్చుని రాశావా అని నేరుగా అడిగాడు. ఆమె కట్టుబాటు సంగతి చెప్పింది. వినడానికి బాగుంది, కళ్ళతో చూస్తాను అన్నాడాయన. మీరు చూసి ఒప్పుకుంటే అదే ఒక అధ్యాయంగా రాస్తానంది. ఒప్పుకోకపోతే వ్యాసం లేదని ఇద్దరికీ తెలుసు.

శనివారం ఇద్దరూ వచ్చారు. గోపాలన్‌కు తెలుగు రాదు. మునెమ్మ అరుగు ముందు నిలబడి తమిళంలో తనే ప్రశ్న అడిగాడు. పిల్లల్ని బడికి ఎందుకు పంపుతున్నావమ్మా?

మునెమ్మ ఆయన బూట్లు చూసింది. చేతిలో తోలు సంచి చూసింది. తర్వాత అలిమేలమ్మ వైపు తిరిగి తెలుగులో, "ఈయనకు ఏమి చెప్పమంటావు అమ్మా? పాతదా, కొత్తదా?" అంది.

మొదటిసారి ఆమె నువ్వు అంది.

"ఏమంటోంది?" అన్నాడు గోపాలన్.

పక్కింటి వాకిట్లో మగ్గం ఆగింది. రత్నస్వామి బడి గేటు దగ్గర నిలబడి ఇటే చూస్తున్నాడు. మునెమ్మకు తమిళం తెలుసు. అలిమేలమ్మ ఏమి తర్జుమా చేసినా ఆమెకు అర్థమవుతుంది. అబద్ధం చెప్తే గైడుకు తెలియదు. నిజం చెప్తే, నేర్పింది అలిమేలమ్మే అని ఆయన అనుకోవచ్చు.

"మీకు ఏ జవాబు చెప్పాలో నన్ను అడుగుతోంది సార్. పాతదా, కొత్తదా అని."

నేర్పింది వీధో, నువ్వో నేను ఎలా తేల్చుకోవాలి అన్నాడు గోపాలన్. ఈ వీధిని తీసెయ్యి, ఇంకో ఊరు చూసుకో, ఏప్రిల్‌కి కాదు, వచ్చే ఏడు ఇద్దువుగాని అన్నాడు. మద్రాసు బండికి టైమైందని ముందు నడిచాడు.

సెలవు అయిపోతుంది. వచ్చే ఏడు పాఠాలు చెప్పుకుంటూ, ఆదివారాలు ఊళ్ళు తిరుగుతూ రాయాలి. అలిమేలమ్మ కాగితాలు సంచిలో పెట్టుకుంది.

రత్నస్వామి ఎదురొచ్చాడు. "మా వీధిని తీసేసినారా?"

"తీసేసినారు సార్. మీ బడి పేరు యాడా రాదు."

"నిజంగానా?"

"నిజంగానే."

ఆయన తల ఊపాడు. "ఆ సారుది సొంతూరు యాడ?" అని అడిగాడు. కుంభకోణం అని ఆమె చెప్తే, కుంభకోణంలో తనకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఆలోచిస్తూ బడిలోకి వెళ్ళిపోయాడు.

బస్సు ఆగే చోటికి మునెమ్మ వెనకాలే వచ్చింది.

"నేనడిగింది అరవంలో చెప్పేసినావే. వేరే ఏమన్నా చెప్పుండచ్చు గదా."

"నువ్వు ఇనే ఉంటివి గదక్కా."

"నేను లేకపోతే?"

"ఏమో," అంది అలిమేలమ్మ.

ఆర్.కె.పేట వైపు నుంచి బస్సు వస్తోంది. అలిమేలమ్మ సంచి భుజానికి తగిలించుకుంది.

"కాగితం లేదు, సారు లేడు. సుమ్మా, ఊరికే అడగతా ఉండా. నీ పిల్లోడిని బడికి ఏమిటికి పంపిస్తావక్కా?"

మునెమ్మ నోరు తెరిచింది. వీధి వైపు ఒకసారి చూసింది. మగ్గం మనిషి బయటికి వచ్చి నిలబడి ఉన్నాడు.

"నువ్వు బస్సెక్కు," అంది. "రాయవని నాకేమి తెలుసు."