గ్రూపులో పెట్టిన గూడు

కెనడాలో, కిచెనర్‌లో మన తెలుగు స్టూడెంట్లను బతికించింది కాలేజీలు కాదు, వాట్సాప్ గ్రూపు. ఎక్కడ హైరింగ్ ఉన్నా, ఎవరి అద్దె బేస్‌మెంట్ ఖాళీ అయినా వెంటనే లొకేషన్ పెట్టాలి. దాచుకున్నవాడు ద్రోహి.

ఆ అలవాటు కొద్దీ గోపీకృష్ణ గుడ్లగూబ గూడు లొకేషన్ కూడా పెట్టేశాడు. గూడు చూపించింది అతని క్లాస్‌మేట్ భవిత. ఆమెకు పక్షులంటే పిచ్చి. ఎవరికీ చెప్పొద్దనాలని ఆమెకూ తోచలేదు.

ఆదివారం మధ్యాహ్నం భవిత పార్కుకు వచ్చేసరికి చెట్టు కింద మంచులో జాతర. ఫోన్లన్నీ పైకే. ఒకడు ఫోన్లో గుడ్లగూబ కూత పెట్టి వినిపిస్తున్నాడు. గూట్లో తల్లి రెక్కలు విప్పి ముక్కు టకటకలాడించింది.

భవిత గోపీకృష్ణను పక్కకు లాగింది. ఈ చలిలో తల్లి లేచిందంటే గుడ్లు గడ్డకట్టి చస్తాయి.

"గోపీ, వాళ్లను పంపించెయ్‌రా! గుడ్లు పోతాయి."

"ఏమైతదే, ఫొటోలే గదా! నేనే రమ్మని నేనే పొమ్మంటే తంతరు."

అరిస్తే తల్లి బెదురుతుంది. అరవకపోతే వీళ్లు కదలరు. అటు దారిలో కుక్కతో నిలబడ్డ తెల్లావిడ ఫోన్ చెవిన పెట్టుకుంది. పోలీసులకేనా? కేసైతే స్టడీ పర్మిట్ సంగతేంటి?

అంతలో కూత పెట్టినవాడు చెట్టు మొదలు మీద ఒక్క తన్ను తన్నాడు. తల్లి ఎగిరిపోయింది. రెక్కల చప్పుడైనా లేదు.

"అబ్బా, వీడియో వచ్చిందా మామా?"

భవిత వాడి ఫోన్ లాక్కుని కూత ఆపేసింది. గొంతు తగ్గించి అంది: "మీరుంటే అది రాదు. పార్కింగ్ దాకా నడవండి."

"ఏయ్, పార్కు నీ అయ్యదా?"

"గుడ్లు నీ అయ్యవా? నడు!"

గొణుక్కుంటూనే కదిలారు. గోపీకృష్ణ ఫోన్ తీసి గ్రూపు తెరిచాడు. "లొకేషన్ తీసేసిన. నువ్వన్నా ఉండి చూడు, అది వచ్చిందో లేదో."

"నేనున్నా రాదురా."

భవిత వెనక్కి చూడకుండా పార్కు గేటు దాకా వచ్చేసింది. అక్కడి నుంచి చెట్టు కనిపించదు. తల్లి వచ్చిందో, గుడ్లు చల్లబడ్డాయో తెలుసుకునే దారి లేదు. చూడ్డానికి వెళ్తే గుడ్లను చంపినట్టే.

వెంట వచ్చిన గోపీకృష్ణ ఫోన్ చూసుకున్నాడు. "పొద్దుగాల్నే ఎవడో లొకేషన్ బ్రాంప్టన్ ఊరి గ్రూపుకు ఫార్వర్డ్ కొట్టిండే."

రోడ్డు మీద ఒక కారు ఇండికేటర్ వేసింది. లోపల కిక్కిరిసి మన మొహాలే. వెనకాల ఇంకోటి.

భవిత చేతులు చాపి గేటుకు అడ్డంగా నిలబడింది.