పందిరి కింది గుడ్లు

పద్దెనిమిదేళ్ల కిందట ఆ తాబేళ్ల కేంద్రాన్ని మదింపు చేసి, నూటికి తొంభై అయిదు మార్కులు వేసింది ఆమే. ఎండకు గుడ్లు ఉడికిపోతున్నాయని, ఇసుక గుంటల మీద దట్టంగా ఆకుల పందిరి వెయ్యమని సలహా ఇచ్చిందీ ఆమే. ఆ ఏడు నుంచి నూటికి తొంభై గుడ్లు పిల్లలయ్యాయి. అందరూ శభాష్ అన్నారు.

ఇప్పుడు మళ్లీ మదింపుకొచ్చింది. ఈసారి ప్రశ్న వేరు. సముద్రంలోకి వదిలిన పిల్లలు పెద్దవై, గుడ్లు పెట్టడానికి తిరిగొచ్చాయా?

కేంద్రం కాపలాదారును ఊరంతా బాబాయ్ అనే పిలుస్తుంది. ఆయన పాత రిజిస్టర్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. వదిలిన పిల్లలు అరవై మూడు వేలు. గట్టుకొచ్చి గుడ్లు పెట్టిన తల్లులు మొదటి ఏడు నూట నలభై, నిరుడు పదకొండు.

"వలల్లో పడి చస్తున్నాయేమో బాబాయ్?"

"పడ్డవాటిని పూడ్చింది నేనేగదమ్మా. ముసలివాటి సంగతేమో గానీ, ఈ మధ్య చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చే పడుచు తాబేళ్లన్నీ పొడుగు తోకలవే."

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. పొడుగు తోకంటే మగది. ఇసుక వెచ్చగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు పుడతాయని ఆమె తర్వాతెప్పుడో చదివింది. చదివింది గానీ, ఈ పందిరితో ముడిపెట్టి ఒక్కనాడూ ఆలోచించలేదు.

పరుగున వెళ్లి పందిరి కింద మూరెడు లోతున ఉష్ణమాపిని గుచ్చింది. ఇరవై ఏడు డిగ్రీలు. ఆడపిల్లలు పుట్టాలంటే ఇరవై తొమ్మిదైనా దాటాలి.

గుంటల్లోనే చచ్చిన పిల్లల్ని బాబాయ్ ఏటేటా సీసాల్లో దాచి ఉంచాడు. ఆమె వాటిని పరీక్షకు పంపింది. అయిదో రోజు ప్రయోగశాల నుంచి ఫోనొచ్చింది.

"నలభై మూడూ కోసి చూశామండీ. ఒక్క ఆడది లేదు."

"ఒక్కటి కూడానా?"

"రెండుసార్లు చూశాం."

ఆమె ఫోను పెట్టేసి బాబాయ్ దగ్గరికి నడిచింది. విన్నది విన్నట్టు చెప్పింది.

"నా ఇంట్లో నలుగురూ ఆడపిల్లలే. నేను పెంచినవాటిలో ఒక్కటీ లేకపోవడమేంటమ్మా? ఇన్నేళ్లూ చేతులారా..."

"చేతులు నీవే బాబాయ్. చెప్పిన నోరు నాది."

ఆయన ఆమెను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. నిచ్చెన తెచ్చి, సగం పందిరి ఆకులు పీకడం మొదలుపెట్టాడు. మొత్తం పీకితే గుడ్లు మళ్లీ ఉడికిపోతాయని ఇద్దరికీ తెలుసు. ఆమె కింద నిలబడి ఆకులు అందుకుంది.

ఆమె నివేదిక చదివి కేంద్రం డైరెక్టర్ బెంబేలెత్తాడు. "మొదటి వాక్యంలోనే మీ తప్పు రాసుకుంటారా మేడం? అరవై మూడు వేలు ముందు పెట్టి, ఇది ఎక్కడో చివర్లో..."

"ఆ అరవై మూడు వేలు చూసే గదండీ మనందరం మోసపోయింది!"

ఆమె ఒక్క అక్షరం మార్చలేదు. పైగా ఇంకో మాట చేర్చింది: ఈ ఏడు పుట్టే పిల్లల్లో తల్లులెన్నో తేలడానికి మరో పదిహేనేళ్లు పడుతుంది, అందాకా ఎవరూ మార్కులు వెయ్యకండి.